మా పాలేరుకి జ్వరం: డానిష్ వచ్చిన తెలుగమ్మాయికి స్వీడిష్ నేర్పిన కేసు

జనవరిలో ఒక పొద్దున ఏడున్నరకి ఆ అమ్మాయి స్వీడన్‌లోని మాల్మోలో తన కొడుకు వెళ్ళే ఫోర్‌స్కూలాకి ఫోన్ చేసింది. ఫోర్‌స్కూలా అంటే మన అంగన్‌వాడీకీ ఎల్‌కేజీకీ మధ్యరకం బడి. పిల్లాడికి ఒంట్లో బాలేదు, ఇవాళ రాడు అని చెప్పాలి. "మిన్ డ్రెంగ్ ఎ షూక్" అంది. అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత ఆపుకోలేని నవ్వు. డానిష్‌లో డ్రెంగ్ అంటే అబ్బాయి. స్వీడిష్‌లో అదే మాటకి అర్థం పొలంలో జీతానికుండే మనిషి. అంటే ఆవిడ చెప్పింది, "మా పాలేరుకి జ్వరంగా ఉంది, ఇవాళ బడికి రాడు" అని.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. "అక్కా, మూడేళ్ళు డెన్మార్క్‌లో ఉండి డానిష్ నేర్చుకున్నా. స్వీడిష్ దానికి చెల్లెలే కదా, రెండు నెలల్లో వచ్చేస్తుందన్నారు అందరూ. ఇప్పుడు రెండూ రావట్లేదు." నేను మాల్మోలో ఇంటి దగ్గర స్వీడిష్ చెబుతుంటాను, ఎక్కువగా మనవాళ్ళకే. ఆవిడ ఒప్పుకోబట్టే ఈ కేసు రాస్తున్నాను. పేరు, ఆఫీసు ఆనవాళ్ళు తీసేశాను.

వచ్చేనాటికి పరిస్థితి

గుంటూరు వైపు అమ్మాయి. బెంగళూరులో నాలుగేళ్ళు ఉద్యోగం, తర్వాత కోపెన్‌హాగెన్‌లో మూడేళ్ళు. అక్కడ డానిష్ క్లాసులకి వెళ్ళి, పై స్థాయి పరీక్ష కూడా పాసైంది. ఇంటద్దెలు చూసి మొగుడూ పెళ్ళాలు మాల్మోకి మారారు. ఇలా మారేవాళ్ళు చాలామందే ఉన్నారు. 2000 జూలై 1న సముద్రం మీద వంతెన తెరిచాక రెండు ఊళ్ళ మధ్యా రైల్లో 40 నిమిషాల ప్రయాణం, అంతే. ఆ వంతెన పేరులోనే మా కేసంతా ఉంది. డానిష్‌వాళ్ళు రాస్తే ఓరెసుండ్స్‌బ్రోయెన్, స్వీడిష్‌వాళ్ళు రాస్తే ఓరెసుండ్స్‌బ్రోన్. వంతెన కంపెనీ పేరు పెట్టేటప్పుడు ముందు భాగానికి డానిష్ వాళ్ళ అడ్డగీత 'ఓ' తీసుకుని, చివర స్వీడిష్ తోక తగిలించింది. ఆ స్పెల్లింగు ఏ ఒక్క భాషదీ కాదు. మా అమ్మాయి మాట్లాడే భాష కూడా సరిగ్గా ఆ వంతెనలాగే ఉండేది.

కమ్యూన్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళు ఉచితంగా నడిపే ఎస్ఎఫ్ఐ, అంటే వలస వచ్చినవాళ్ళకి స్వీడిష్ నేర్పే కోర్సు, అక్కడ ఆవిణ్ణి ఏకంగా ఆఖరి మెట్టయిన డి కోర్సులో కూర్చోబెట్టారు. చదవడంలో క్లాసులో అందరికంటే ముందు. నోరు విప్పితే మాత్రం పక్కవాళ్ళు అయోమయంగా చూసేవాళ్ళు. రెండు నెలలకి మానేసింది.

మొదటి రోజు ఒక పేజీ వార్త చదివించాను. ఇంచుమించు అంతా అర్థమైంది. అదే వార్త గురించి మాట్లాడమంటే మాటకీ మాటకీ మధ్య ఆగిపోతోంది. ఒక్కో మాట ముందూ కళ్ళు పైకెత్తి, ఇది ఏ దేశానిదా అని వెతుక్కుంటోంది.

నేను మొదట చేసిన పొరపాటు

ఇలాంటి కేసుల్లో టీచర్లందరూ చేసేదే నేనూ చేశాను. మోసపు మాటల జాబితా, అంటే ఒకేలా కనిపించి అర్థం వేరుగా ఉండే మాటల జాబితా, తీసి చేతిలో పెట్టాను. రూలిగ్ అంటే స్వీడిష్‌లో సరదా, డానిష్, నార్వేజియన్‌లలో ప్రశాంతం. ఇది ఎంత పాత ఉదాహరణో, చెప్పడానికి నాకే సిగ్గేస్తుంది. ఫ్రోకోస్ట్ అంటే డెన్మార్క్‌లో మధ్యాహ్నం భోజనం, నార్వేలో పొద్దున టిఫిను. స్వీడిష్ ఫ్రుకోస్ట్ కూడా పొద్దునదే. రార్ అంటే స్వీడన్, డెన్మార్క్‌లలో మంచిమనిషి, నార్వేలో వింతమనిషి. స్వీడిష్‌లో బూ అంటే పల్లెటూరు, మిగతా రెండింటిలో అదే మాటకి పట్నం అని. గ్లాస్ అంటే స్వీడిష్‌లో ఐస్‌క్రీమ్. సెమెస్టెర్ అంటే స్వీడిష్‌లో సెలవులు. పక్క దేశాల్లో అదే యూనివర్సిటీ టర్ము. ఇలా రెండు పేజీలు.

వారంలో మొత్తం కంఠస్థం చేసుకొచ్చింది. మనవాళ్ళకి బట్టీ కొట్టడం నేర్పక్కర్లేదు. కానీ ఫలితం తల్లకిందులైంది. అంతకు ముందు తప్పో ఒప్పో మాట్లాడేది. ఇప్పుడు ప్రతి మాటా మోసపు మాటేమోనన్న భయం. తిండికి స్వీడిష్‌లో మాట్, డానిష్ రాతలో మాద్. రెండూ ఒకటే, ఏ మోసమూ లేదు. దాని దగ్గర కూడా ఆగి, "ఇది అనొచ్చా అక్కా?" అని అడగడం మొదలుపెట్టింది. జాబితా ఇచ్చి నేను నేర్పింది అనుమానం ఒక్కటే.

డైరీలో బయటపడ్డది

రోజుకి అయిదు వాక్యాల చొప్పున రెండు వారాలు డైరీ రాయమన్నాను. దిద్దలేదు. రంగు పెన్సిళ్ళతో గీతలు గీశాను. అసలైన మోసపు మాటలకి ఎరుపు, డానిష్ మాటని స్వీడిష్ వేషంలో రాసినవాటికి నీలం.

ఎరుపు చాలా తక్కువ వచ్చింది. ఉన్నవి మాత్రం ఘనమైనవి. "మా ఇంట్లో మూడు వారెల్సెర్ ఉన్నాయి" అని రాసింది. డానిష్‌లో వేరెల్సె అంటే గది. స్వీడిష్‌లో వారెల్సె అంటే ప్రాణి. ఇంట్లో మూడు ప్రాణులున్నాయట. లెక్క సరిపోయింది కూడా, భార్యా భర్తా పిల్లాడూ. ఇంకోటి ఆఫీసులో జరిగింది. స్వీడిష్ టీమ్‌తో మీటింగులో "నిన్న మనకో టిల్‌బూద్ వచ్చింది" అంది, ఒక సప్లయర్ ధర చెప్పాడన్న ఉద్దేశంతో. డానిష్‌లో తిల్‌బుద్ అంటే ఆఫర్. స్వీడిష్‌లో టిల్‌బూద్ అంటే త్రుటిలో తప్పిన ప్రమాదం. పనిచేసేచోట అలాంటిది పెద్దదేదైనా జరిగితే యజమాని ప్రభుత్వానికి రిపోర్టు చెయ్యాలి. ఎదుటివాడు ఉలిక్కిపడి "అయ్యో, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు.

ఈ రెండిట్లోనూ గమనించాల్సింది ఒకటుంది. రెండూ అప్పటికప్పుడే బయటపడ్డాయి. ఎవరో నవ్వారు, ఎవరో ఉలిక్కిపడ్డారు. ఆ మాట ఆవిడ మళ్ళీ జన్మలో తప్పు వాడదు. డ్రెంగ్ కూడా అంతే. పాలేరు తర్వాత కొడుకుని "మిన్ సోన్" అనడం ఒక్క రోజులో వచ్చేసింది.

నీలం గీతలతో పేజీలు నిండిపోయాయి. "నాకో ప్రశ్న ఉంది" అనడానికి స్పోర్స్‌మోల్ అని రాసింది. డానిష్‌లో రోజువారీ మాట అదే. స్వీడిష్‌లోనూ ఉంది, ఉండకపోవడమేం, కానీ పార్లమెంటు చర్చల్లోనో సంపాదకీయాల్లోనో కనిపిస్తుంది. మామూలుగా అందరూ అనేది ఫ్రోగా. "మీటింగు తొమ్మిదికి మొదలు" అనడానికి బెయూన్నా వాడింది. అదీ స్వీడిష్ నిఘంటువులో ఉన్నదే, పద్యాల్లో బావుంటుంది. వాడుకలో బోర్యా. తినడానికి స్పీసా. తాతలనాటి మాట. ఇప్పుడందరూ అనేది ఏటా. ("ఏటా తినేదేంటక్కా, పూటా తింటాం కదా" అని ఆ రోజు ఒక జోకు వేసింది. చాలాకాలానికి నవ్వింది, అందుకే గుర్తుంది.)

మన దగ్గర హైదరాబాదులో ఒక విదేశీయుడు ఆఫీసు కాంటీన్‌లో "నేను ఇప్పుడే భుజించితిని, నాకొక పృచ్ఛ కలదు" అన్నాడనుకోండి. అందరికీ అర్థమవుతుంది. ఎవరూ దిద్దరు. పైగా "ఎంత చక్కటి తెలుగు!" అంటారు. ఈ అమ్మాయికీ సరిగ్గా అదే జరుగుతోంది. "దూ ప్రాటార్ సో ఫీంట్", ఎంత బాగా మాట్లాడతావో అని ఆఫీసులో ఒకరిద్దరు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలుతో ఆ మాటలు ఆవిడ నోట్లో ఇంకా గట్టిపడ్డాయి.

కొన్ని దీనికి తిరగబడ్డవి. డానిష్‌లో స్నాకె అంటే మాట్లాడటం, ఎవరితోనైనా. స్వీడిష్‌లో స్నక్కా అంటే కబుర్లేసుకోవడం. మేనేజరుకి రాసిన మెయిల్లో అది వాడితే "మీతో బాతాఖానీ కొట్టాలి" అన్నట్టుంటుంది. ఇంకోటి మహా దొంగది. డానిష్‌లో బ్రూగె అంటే వాడటం. స్వీడిష్‌లో బ్రూకార్ అంటే 'మామూలుగా ఫలానా పని చేస్తుంటాను' అని. ఆ తర్వాత ఇంకో క్రియ రావాలి. ఈవిడ "నేను రోజూ కంప్యూటర్ బ్రూకార్" అంటుంది. వినేవాడు క్రియ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. "నేను రోజూ కంప్యూటర్ని మామూలుగా..." ఏం చేస్తావమ్మా? కడుగుతావా, తిడతావా? వాడటానికి స్వీడిష్ మాట అన్‌వెండా.

అప్పుడు అర్థమైంది నాకు. మోసపు మాటలు ఆవిడకి పెద్ద సమస్య కాదు. ఎదుటివాళ్ళకి అర్థమైపోయే మాటలే సమస్య. అర్థమయ్యాక దిద్దేవాడెవడు?

బెంగళూరు ఆటో

ఒకరోజు కాఫీ తాగుతూ కన్నడం ఎలా వచ్చిందని అడిగాను. ఇంటి ఓనరమ్మ పొద్దున్నే "తిండి ఆయ్తా?" అనడిగేదట. ఈవిడ తిండంటే ఏ తిండైనా అనుకుని, రాత్రి అన్నం తిన్న సంగతి చెప్పేది. కన్నడంలో తిండి అంటే టిఫిను. భోజనమైతే ఊట. ఊట మనకి బావిలో కదా ఊరేది! అన్నిటికంటే బావున్నది ఆటో కథ. ఒక ఆటో అతను వస్తారా అనడిగితే, అక్కర్లేదు అని చెప్పబోయి "అవసర ఇల్ల" అందట. కన్నడంలో అవసర అంటే తొందర. తొందరేం లేదన్నారు కదా అని అతను ఇంజను ఆపేసి, తాపీగా అక్కడే నిలబడ్డాడు.

"మరి అవన్నీ ఎలా సర్దుకున్నావు?"

"సర్దుకోలేదక్కా. అక్కడ వాళ్ళేమంటారో అదే అనేశాను. అవసరం గురించి ఆలోచించడమే మానేసి 'బేడ' అనడం అలవాటు చేసుకున్నా."

అదే మందు. జాబితాలో మాట పక్కన మాట పెడితే రెండూ తలలో అంటుకుపోతాయి. ఒక్కో సందర్భానికి అక్కడివాళ్ళనే మాటని పూర్తి వాక్యంగా నోటికి పట్టిస్తే, పాతది దానంతటదే పక్కకి తప్పుకుంటుంది.

మర్నాటి నుంచి నోటుబుక్కు పద్ధతి మార్చాం. మాటల్ని అర్థాన్నిబట్టి కాకుండా చుట్టరికాన్నిబట్టి విడదీశాం. పేర్లు ఆవిడే పెట్టింది.

యాస మారినవి ఒక గుంపు. కన్నడంలో మన పకారం హకారమైనట్టే: పాలు హాలు, పులి హులి, పది హత్తు. స్వీడిష్‌లో అచ్చుల మధ్యా మాట చివరా క, ట, ప లు ఉన్నచోట డానిష్ రాతలో గ, ద, బ లు వస్తాయి. పుస్తకం బూక్, డానిష్‌లో బోగ్. వీధి గాటా, గాదె. కొనడం షోపా, కోబె. ఈ సూత్రం తెలిస్తే వందల మాటలు ఊరికే వచ్చిపడతాయి. వీటిని బట్టీ పట్టడం దండగ. కాకపోతే పలికేటప్పుడు డానిష్ ఆ మెత్తబడ్డ హల్లుని కూడా మింగేస్తుంది. బోగ్ అని రాసి 'బో' అన్నట్టు పలుకుతారు. స్వీడిష్‌కి వస్తే దాదాపు ప్రతి అక్షరానికీ నోరు పనిచెయ్యాలి. ఆవిడకి ఇది హాయిగా అనిపించింది. అక్షరం రాస్తే పలకాల్సిందేననే భాషలో పుట్టినవాళ్ళం మరి.

మెట్టింటి మాటలు రెండో గుంపు. హాన్సా వర్తకులు (ఉత్తర జర్మనీ ఊళ్ళ వ్యాపారుల కూటమి) బాల్టిక్ తీరమంతా వ్యాపారం చేసిన రోజుల్లో జర్మన్ మాటలు ఈ భాషల్లోకి కుప్పలుగా వచ్చాయి. కానీ అన్నీ అన్ని ఇళ్ళలోనూ నిలవలేదు. స్వీడిష్‌లో కిటికీ ఫోన్‌స్టెర్, జర్మన్ నుంచి వచ్చిన కోడలు. డానిష్, నార్వేజియన్లు మాత్రం ఈ భాషలన్నిటికీ తల్లి అయిన పాత నోర్స్ మాటే ఉంచుకున్నాయి. దాని అసలర్థం 'గాలి కన్ను'. నార్వేజియన్‌లో పలికితే అచ్చం మన 'విందు' లాగే ఉంటుంది. స్వీడిష్‌లో అబ్బాయి పొయ్కె, ఫిన్నిష్ నుంచి వచ్చింది. అమ్మాయి ఫ్లిక్కా. డానిష్ అమ్మాయి పీగె స్వీడన్‌కొస్తే పీగా అయి పనిపిల్లగా మారిపోతుంది, డ్రెంగ్ పాలేరు అయినట్టే. ఆడా మగా పిల్లలిద్దరికీ సముద్రం దాటేసరికి ఒకే గతి పట్టింది.

మూడోది ముసలి మాటలు: స్పోర్స్‌మోల్, బెయూన్నా, స్పీసా బాపతు. ఆవిడ నోటుబుక్కులో ఎక్కువ పేజీలు వీటికే. డానిష్ మాట రాయకూడదని షరతు పెట్టాను. పక్కన ఇవాళ స్వీడన్‌లో అనే పూర్తి వాక్యం మాత్రమే ఉండాలి. "యా హార్ ఎన్ ఫ్రోగా." "మోటెట్ బోర్యార్ క్లొక్కాన్ నీయో."

నాలుగోది దాయాదులు, అంటే మోసపు మాటలు. ఈ పేజీ నింపొద్దన్నాను. వాటి సంగతి జనమే చూసుకుంటారు.

ముసలి మాటల్ని పట్టుకోవడమే అసలు కష్టం. ఎవరూ దిద్దరు కాబట్టి, ఆవిడే అడగాలి. అందుకు ఒకే ఒక్క వాక్యం నేర్పాను: "సేయెర్ మన్ సో?" ఇలా అంటారా? "తప్పా?" అనడిగితే స్వీడిష్‌వాళ్ళు మర్యాదకి "లేదు లేదు, బావుంది" అంటారు. "ఇలా అంటారా?" అనడిగితే మాత్రం ఆలోచిస్తారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, "మా అమ్మమ్మ అనేది" అన్నాడట. అంతకంటే మంచి దిద్దుబాటు నేను కూడా చెయ్యలేను.

మధ్యలో నార్వేజియన్

మూడో నెలలో భర్త ఒక సలహా ఇచ్చాడు: నార్వేజియన్ కూడా కాస్త చూస్తే మూడూ కలిసొస్తాయి కదా అని. మగవాళ్ళ సలహాలన్నీ కొట్టిపారెయ్యక్కర్లేదు, ఇందులో నిజముంది. నార్వే 1814 దాకా నాలుగొందల ఏళ్ళు డెన్మార్క్‌తో కలిసి ఉంది. రాత అక్కణ్ణుంచి వచ్చింది. పలుకుబడి చూస్తే స్వీడిష్‌కి దగ్గర. మూడు దేశాల కుర్రవాళ్ళకి పరీక్షలు పెట్టి 2005లో వెలువరించిన పరిశోధనలో పొరుగు భాషలు బాగా అర్థం చేసుకున్నది నార్వేవాళ్ళే. అయినా నేను వద్దన్నాను. ఏదైనా ఒకటి నోట్లో స్థిరపడ్డాక మిగతావి చెవితో తెలుసుకోవచ్చు. రెండు సగాలు ఉన్నవాళ్ళకి మూడో సగం ఎందుకు?

అంకెల్లో మాత్రం స్వీడిష్ ఆవిణ్ణి ఒడ్డున పడేసింది. డానిష్‌లో యాభైకి హాల్‌త్రెస్ అంటారు. విప్పి చూస్తే రెండున్నర ఇరవైలు అని లెక్క. అరవై అయిదు అనాలంటే అయిదూ అరవై అని తిరగేస్తారు. స్వీడిష్‌లో మనలాగే అరవై, తర్వాత అయిదు. సెక్స్‌తీఫెమ్. ఒక్క పూటలో అయిపోయింది. చుట్టాల పేర్లయితే అంత కూడా పట్టలేదు. మేనత్త ఫాస్టెర్, తల్లి అక్కచెల్లెళ్ళు మూస్టెర్, మేనమామ మూర్‌బ్రూర్. ఇంగ్లిష్‌లో అందరినీ ఆంటీ అంకుల్ చేసి విసిగిపోయిన మనకి, తల్లివైపు తండ్రివైపు తేడా చూసే భాష దొరకడం ప్రాణానికి హాయి.

ఏడు నెలల తర్వాత

మొదటి రోజు చదివించిన వార్తనే మళ్ళీ ఇచ్చాను. పది నిమిషాలు మాట్లాడింది. తప్పులున్నాయి. నామవాచకాల ముందొచ్చే ఎన్, ఎట్ లింగాలు ఇంకా కుదర్లేదు. కానీ మాట ముందు కళ్ళు పైకెత్తడం పోయింది. ఆఫీసులో స్వీడిష్ మీటింగులో నోట్సు రాసే పని అడిగి మరీ తీసుకుంది.

నష్టం లేకపోలేదు. కోపెన్‌హాగెన్ స్నేహితురాళ్ళు నీ డానిష్ పాడైపోయిందంటున్నారట. అక్కడ బేకరీలో నోరు జారి స్వీడిష్‌లో మాట్లాడితే అమ్మేవాడు ఇంగ్లిష్‌లోకి మారిపోయాడు. ఆవిడకి బాధేసింది. దీనికి నా దగ్గర మందు లేదు. డానిష్ నిలబెట్టుకోవాలంటే వారానికో గంట దానికే విడిగా కేటాయించాలని ముందే చెప్పి ఉండాల్సింది. ఆ పొరపాటు నాది.

ఇంకో చిక్కు నేను ముందు లెక్కలోకి తీసుకోలేదు. మాల్మో ఉన్నది దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతంలో. 1658 దాకా అది డెన్మార్క్ నేల. ఇక్కడి పాతకాపులు అబ్బాయిని పోగ్ అంటారు, అమ్మాయిని తోస్ అంటారు. స్కోనె అంతా తిరిగే ఊదారంగు లోకల్ రైళ్ళని పోగాటోగ్ అనడం కూడా ఈ పోగ్ వల్లే. నేను పుస్తకంలో ఉన్న స్వీడిష్ నేర్పుతున్నాను. పిల్లాడు ఫోర్‌స్కూలా నుంచి స్కోనె మాటలు మోసుకొస్తున్నాడు. "నేను పొయ్కె కాదు, పోగ్" అని వాళ్ళమ్మని దిద్దాడట.

మొన్న శుక్రవారం మెసేజ్ పెట్టింది: "అక్కా, ఇవాళ టీచరు చెప్పింది, మావాడు మధ్యాహ్నమంతా గ్రీనా చేశాడట. ఏడ్చాడా, నవ్వాడా?"

డానిష్‌లో అది నవ్వు. నార్వేలో ఏడుపు. స్వీడన్‌లో చాలాచోట్ల ఏడుపే, స్కోనెలో మాత్రం నవ్వు. మాల్మోలో ఇప్పుడు బయటి ఊళ్ళవాళ్ళు చాలామందే.

"ముందు ఆ టీచరు ఏ ఊరావిడో కనుక్కో" అన్నాను.